జిప్సీ సీట్లకు కొత్త స్పాంజి: రెండుసార్లు వేయించాక, ఐదేండ్లు కూర్చున్నాక

బండి కడిగినప్పుడల్లా డ్రైవర్ సీటు కింద శనగపిండి చల్లినట్టు పసుప్పచ్చ పొడి కనబడేది. పిల్లలు తిన్న మిక్చర్ పొడి అనుకుని చాన్నాళ్ళు ఊడ్చేస్తూ వచ్చాను. ఒకరోజు అడుగు నుంచి చెయ్యి పెట్టి తడిమితే గుప్పెడు పొడి చేతిలోకొచ్చింది. అది సీటు స్పాంజి. పైన కవరు నిక్షేపంలా ఉంది, లోపల సరుకు పిండి పిండి అయిపోయింది.

నాది 2006 మోడల్ మారుతి జిప్సీ కింగ్ జీపు, గుడ్డ టాపుది. 2014లో సెకండ్ హ్యాండులో కొన్నాను. ఉండేది హనుమకొండలో. వెంకటాపూర్ మండలంలో, రామప్ప గుడి దాటాక మాకు కొంచెం మిరప చేను ఉంది. వారానికోసారి పోవాల్సిందే. ములుగు దాకా హైవే కాబట్టి ఇబ్బంది లేదు. చివరి మూడు కిలోమీటర్లు ఎడ్లబండి బాట. ముందూ వెనకా కమాన్ పట్టీలే ఉన్న బండి ఇది. పట్టీలు ఆపగా మిగిలిన కుదుపును సీటే మింగాలి. సీటు మింగకపోతే వెన్నుపూస మింగుతుంది. 2019 చివరికొచ్చేసరికి చేను నుంచి వచ్చిన రోజు రాత్రి పక్క మీద ఒత్తిగిలడం కూడా కష్టమైంది. డాక్టర్ దగ్గరికి పోతే ముందు నడుముకు బెల్టు రాసిచ్చి, తర్వాత "ఏం బండి నడుపుతారు?" అని అడిగాడు.

మొదటిసారి తొందరపడ్డాను. 2020 ఫిబ్రవరిలో మేడారం జాతర ముందు, ఇంట్లోవాళ్ళందరినీ తీసుకుపోవాలి కదా అని దగ్గర్లో ఉన్న ఒక సీట్ కవర్ల షాపులో ఇచ్చేశాను. "40 డెన్సిటీ సార్, ఫస్ట్ క్వాలిటీ" అన్నాడు. పాత స్పాంజి తీసి పారేశాడు, నాలుగు అంగుళాల కొత్త ముక్క పలకలా కోసి పెట్టాడు, పాత కవరే మళ్ళీ తొడిగాడు. రెండు సీట్లకు 2,800. గంటన్నరలో పని అయిపోయింది. కూర్చుంటే దూది పరుపు మీద కూర్చున్నట్టే ఉంది. జాతరకు పోయివచ్చిన దారంతా ఆ షాపువాణ్ణి పొగుడుతూనే ఉన్నాను.

అదంతా మూన్నాళ్ళ ముచ్చట. దసరా నాటికి సీటు మధ్యలో గుంట పడింది, కవరు ముడతలు పడింది. కూర్చుంటే పిర్ర ఎముకకు ఇనప పైపు తగులుతోంది. పైగా మధ్యలో లాక్‌డౌన్ వచ్చి బండి రెండు నెలలు కదల్లేదు కూడా. పోయి అడిగితే "మీరు రఫ్‌గా వాడుతున్నరు సార్" అన్నాడు. జిప్సీని ఇంకెట్లా వాడతారో నాకు తెలియదు.

అప్పుడే డెన్సిటీ సంగతి సరిగ్గా తెలుసుకున్నాను. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరు స్పాంజి 40 కిలోలు తూగాలి, అంతే. దాంట్లో దాపరికమేమీ లేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, మూడు అంగుళాల మందం ముక్క తీసుకుంటే 40 డెన్సిటీది సుమారు 280 గ్రాములు తూగుతుంది, 50 డెన్సిటీది 350 గ్రాములు. మొదటిసారి కోయగా మిగిలిన ముక్క ఇంట్లో అటక మీద ఉంటే అదే కొలతకు కోసి, సందు చివర కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. 165 గ్రాములు. అంటే 23, 24 డెన్సిటీ. ఇంట్లో దిండుకు సరిపోయే సరుకు. కొట్టు సేటు నన్నోసారి, స్పాంజినోసారి చూసి "ఇది కిలో ఎట్ల సార్?" అని అడిగాడు.

ఇంకొక పొరపాటు కూడా నాదే. బొటనవేలుతో నొక్కి చూసి "గట్టిగానే ఉంది" అనుకున్నాను. గట్టితనం వేరు, డెన్సిటీ వేరు. తేలిక స్పాంజిని కూడా గట్టిగా తయారుచేయొచ్చు. కొన్నరోజు వేలికి గట్టిగానే తగులుతుంది, లోపల సరుకు తక్కువ కాబట్టి నెలల్లో చప్పబడిపోతుంది. బరువైన స్పాంజి మెత్తగా ఉన్నా మళ్ళీ పైకి లేస్తుంది. వేలు చెప్పేది ఈ రోజు సంగతి. రేపటి సంగతి కాటా చెప్తుంది.

రెండోసారి 2021 జనవరిలో. ఆటోనగర్‌లో లారీ సీట్లు, బస్సు సీట్లు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి మా మెకానిక్ పంపించాడు. అందరూ చాచా అని పిలుస్తారు, నేనూ అంతే. చాచా స్పాంజి మాట ఎత్తలేదు. సీటు ఊడదీయించి, తిరగేసి, అడుగు చూసి నవ్వాడు.

"సార్, మంచం నవారు తెగింది. మీరేమో పరుపు మారుస్తున్నరు."

నిజమే. నా బండిలో కుషన్ కింద మోయాల్సిన స్ప్రింగు తీగల్లో రెండింటి కొక్కేలు ఊడి వేలాడుతున్నాయి. మిగతావి సాగిపోయాయి. తీగలకూ స్పాంజికీ మధ్య గోనెపట్టా లాంటిది ఉండాలి, అది ఎప్పుడో చీకి పోగులు పోగులైంది. అది లేకపోతే తీగ నేరుగా స్పాంజిని కోస్తుంది, గతుకు గతుకుకీ రంపం పెట్టినట్టు. నాకు కనబడ్డ పసుప్పచ్చ పొడిలో సగం ముసలితనంది, సగం ఈ కోతది. మొదటి షాపువాడు దీన్ని చూసి కూడా పైన కొత్త ముక్క పెట్టి మూసేశాడు. 40 డెన్సిటీ పెట్టినా ఆ అడుగు మీద ఎక్కువ కాలం ఉండేది కాదు.

చాచా చేసిన పనిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఊడిన కొక్కేలు సరిచేసి, సాగిన తీగలు మార్చి, వాటి మీద నైలాన్ నవారు నిలువూ అడ్డం అల్లాడు. మంచానికి అల్లినట్టే, ఒకటి పైన, ఒకటి కింద, బిగించి లాగి. కాటన్ నవారు ఎందుకు వద్దంటే తడిస్తే చీకిపోతుందట. పైపుల అంచు తగిలేచోట నవారు కోసుకుపోకుండా పాత ట్యూబు ముక్కలు చుట్టాడు. దాని మీద మందపాటి నంబ్దా, అంటే ఉన్ని నొక్కి చేసిన పట్టా లాంటిది, పరిచాడు. చేత్తో గుద్దితే డప్పు మీద కొట్టినట్టు మోగింది. అప్పుడు అడిగాడు, "ఇగ చెప్పుండ్రి, స్పాంజి ఏది ఎయ్యాలె?"

నేను రీబాండెడ్ అన్నాను, ఎక్కడో విన్న మాట. ముక్కలన్నీ నొక్కి అతికించి చేసే ఆ స్పాంజి వంద డెన్సిటీ దాకా ఉంటుంది, చౌక కూడా. చాచా ఒప్పుకోలేదు. "అది పరుపు అడుగుకు మంచిగుంటది. సీటుకేస్తే బల్ల మీద కూసున్నట్టే. పడుకున్నప్పుడు బరువంత పరుచుకుంటది సార్, కూసున్నప్పుడు రెండు బొక్కల మీదనే పడ్తది." చివరికి కింద మూడు అంగుళాల 50 డెన్సిటీ హెచ్‌ఆర్ ఫోమ్, పైన అంగుళం మెత్తటిది. హెచ్‌ఆర్ అంటే నొక్కి వదిలితే చటుక్కున లేచే రకం. ముక్క కోశాక కాటా అడిగాను. చాచా కొడుకు మొహం మాడ్చుకున్నాడు గానీ తూచాడు. సరిపోయింది.

అతికించే ముందు నన్ను కూర్చోబెట్టి చూడటం ఇంకో మంచి పని. పాత సీటు ఏండ్ల తరబడి కుంగిపోయి ఉంటే మన కళ్ళు, కాళ్ళు ఆ ఎత్తుకు అలవాటు పడిపోతాయి. కొత్త స్పాంజి పెట్టేసరికి నేను రెండు అంగుళాలు పైకి లేచాను. తొడ స్టీరింగుకు రాసుకుంటోంది, టాపు పైపు తలకు దగ్గరైంది, క్లచ్ పూర్తిగా తొక్కాలంటే సీటు ముందంచు ఎడమ తొడను కింద నుంచి ఎత్తిపడుతోంది. అది అట్లాగే వదిలేస్తే ములుగు చేరేసరికి కాలు తిమ్మిరెక్కుతుంది. చాచా నన్ను దింపి, ఆక్సా బ్లేడుతో ముందంచు ఎడమ వైపు అర అంగుళం జారుగా చెక్కాడు. మళ్ళీ కూర్చోమన్నాడు. మళ్ళీ చెక్కాడు. నాలుగుసార్లు. పక్కలు మాత్రం కొంచెం ఎత్తు ఉంచాడు, మలుపుల్లో మనిషి జారకుండా. మొదటి షాపువాడి పలక సీటులో ఆ ఒడ్డే లేదు, మలుపు తిరిగినప్పుడల్లా నేను స్టీరింగు పట్టుకుని వేలాడేవాణ్ణి.

సొల్యూషన్ రెండు వైపులా పూసి పావుగంట ఆరనిచ్చాకే అతికించాలి. తడిమీద అతికిస్తే పట్టదు, గడ్డకట్టి కూర్చుంటే గుచ్చుకుంటుంది. కవరు కొత్తది కుట్టించాను. కొలత కంటే రవ్వంత బిగువుగా కుట్టి, రింగులు పట్టకారతో నొక్కి బిగించారు. పాత కవరు సాగిపోయి ఉంటుంది, దాన్నే తొడిగితే ఎంత మంచి స్పాంజి అయినా ముడతలే. వెనక ఆనుకునే భాగంలో స్పాంజి అంత చెడలేదు, నడుం దగ్గర చిన్న ముక్క అతికించి వదిలేశాం. రెండు సీట్లకు మొత్తం 7,400 అయింది. రెండు రోజులు పట్టింది.

మొదటి రెండు వారాలు తిట్టుకున్నాను. మా ఆవిడైతే "పీట మీద కూసున్నట్టున్నది, దీనికి ఏడు వేలా?" అని పక్క సీటు మీద తువాల మడిచి వేసుకుంది. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక పై పొర సర్దుకుంది. తువాల ఎప్పుడు తీసేసిందో నేను గమనించలేదు. నడుముకు బెల్టు ఆ ఎండాకాలం నుంచే బీరువాలో ఉంది. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, వయసు కూడా యాభై దాటింది. కానీ చేను నుంచి వచ్చి నేరుగా మంచం ఎక్కడం పోయింది.

ఇప్పటికి 41,000 కిలోమీటర్లు. డ్రైవర్ సీటు మధ్య భాగం అర అంగుళం కంటే ఎక్కువ దిగలేదు, స్కేలు పెట్టి చూశాను. చెడింది కుడి ఒడ్డు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నా బరువంతా దాని మీదే జారుతుంది కాబట్టి మూడేండ్లకు అది నలిగి ఒరిగింది. 2024లో ఆ ఒక్క ముక్క మార్పించాను, 800. మొదటే ఆ ఒడ్డు వరకు రీబాండెడ్ వేసి ఉంటే సరిపోయేదని చాచానే అన్నాడు. అంటే నేను అడిగిన సరుకు పూర్తిగా పనికిరానిదేమీ కాదు, పెట్టాల్సిన చోటు వేరు.

అసలు పరీక్ష 2023 జూలైలో వచ్చింది. 27వ తేదీన లెక్క తీస్తే మా చేను ఉన్న మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. హనుమకొండలోనూ కాలనీలు మునిగాయి. మా బండి ఇంటి ముందు ఆరుబయట ఉంది, టాపు పక్క ప్లాస్టిక్ కిటికీ చిరిగి ఉంది. తెల్లారి చూస్తే సీట్లు నానిన రొట్టెల్లా ఉన్నాయి. నొక్కితే కుట్ల వెంట నీళ్ళు. రెండు రోజులు పట్టించుకోలేదు, మూడో రోజుకు ముక్కిన వాసన. కవరు విప్పి, స్పాంజిని రెండు చెక్కల మధ్య పెట్టి మోకాలితో అదిమి నీళ్ళు పిండి, ఫ్యాను కింద నాలుగు రోజులు ఆరబెట్టాను. పిండేటప్పుడు బట్టలా మెలితిప్పొద్దు, చిరుగుతుంది. నేరుగా ఎండలో కూడా పెట్టొద్దు, ఎండకు స్పాంజి పసుపెక్కి పెళుసు బారుతుంది. నంబ్దా మాత్రం పనికిరాకుండా పోయింది, కొత్తది వేశాను. నైలాన్ నవారు చెక్కు చెదరలేదు.

ఆ తర్వాత తెలివి చూపిద్దామని స్పాంజికి పాలిథిన్ కవరు చుట్టాను. నెల తిరగకుండానే పీకేశాను. కూర్చుంటే లోపలి గాలి బయటికి పోయే దారి లేక బెలూన్ మీద కూర్చున్నట్టు పైకి తంతోంది, కదిలితే చిప్స్ ప్యాకెట్ చప్పుడు. స్పాంజి పనిచేసేదే గాలి వదిలి గాలి పీల్చి. ఇప్పుడు టాపు కిటికీ మార్పించాను, వానాకాలం సీట్ల పైన టార్పాలిన్ ముక్క కప్పుతాను, అంతే.

రెక్సిన్ గురించి ఒక మాట. నేను మామూలు నల్ల రెక్సిన్ వేయించి తప్పు చేశాను. మే నెలలో మధ్యాహ్నం చేను గట్టు మీద బండి ఆపి వస్తే పెనం మీద కూర్చున్నట్టే. చిల్లుల రెక్సిన్ గానీ బూడిద రంగు బట్ట గానీ వేయించుకోండి. తువాల ఇప్పుడు నా సీటు మీదికి వచ్చింది.

వెనక ఎదురెదురు బెంచీలు మాత్రం పాతవే. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అక్కడ ఇప్పుడు మిరప బస్తాలే కూర్చుంటున్నాయి. అయినా ఈసారి మేడారం లోపు వాటికీ చేయించాలని మా ఆవిడ పట్టు పడుతోంది. చాచా 4,500 చెప్పాడు. వచ్చేటప్పుడు కాటా మీరే తెచ్చుకోండ్రి అని కూడా చెప్పాడు.