మా లంక హైస్కూలు: అయిదేళ్ల అనుభవం

మా అమ్మాయి ఆరో తరగతి నుంచి పది దాకా కోనసీమలోని మా లంక గ్రామపు జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదివి, ఈ వేసవిలో పరీక్ష గట్టెక్కింది. ఆమె చేరిన ఏడాది అన్ని తరగతులకూ కలిపి 94 మంది ఉన్న బడిలో ఇప్పుడు 61 మంది మిగిలారు. ఏటి అవతలి గట్టుకు వచ్చే ప్రైవేటు స్కూలు బస్సెక్కించాలా, ఊళ్లోనే చదివించాలా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

ఇంత చిన్న బడిని ఉత్తీర్ణతా శాతంతో తూచడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. మా అమ్మాయి బ్యాచిలో 11 మంది రాస్తే ఒక్కరు తప్పారు, శాతం 90.9. అంతకు ముందు ఏడాది 9 మందిలో ముగ్గురు తప్పడంతో అది 66.7కి పడిపోయి, బడి చెడిపోయిందన్న మాట ఊరంతా పాకి, ఆ జూన్‌లోనే ఏడుగురు టీసీలు తీసుకుని వెళ్లిపోయారు. లక్షల మంది రాసే రాష్ట్ర ఫలితమే 2022లో 67.26 శాతం, 2024లో 86.69 శాతంగా మారినప్పుడు, ఒక్క పిల్లవాడు లెక్కల్లో 35 మార్కులు తెచ్చుకోలేకపోతే పదకొండు శాతం తరిగిపోయే చోట ఒక్క ఏటి అంకెను నమ్మడం ఎలా? అయిదేళ్ల పిల్లలను కలిపి లెక్కవేసి, ఎవరికెన్ని మార్కులు వచ్చాయో విడిగా అడిగి చూడాలి.

లెక్కల మాస్టారు స్లిప్ టెస్టు పేపర్లు దిద్ది పంచేసి ఊరుకోరు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఏ మెట్టు దగ్గర తప్పిందో అక్కడ ఎర్ర చుక్క పెట్టి, ఆ లెక్క మళ్లీ చేయిస్తారు. బ్రాకెట్టు తీసేటప్పుడు మా అమ్మాయి మైనస్ గుర్తు మార్చడం మరచిపోతోందని కనిపెట్టి, నెల రోజుల పాటు రోజుకు రెండేసి లెక్కలిచ్చి ఆ అలవాటు మాన్పించారు. ఎనిమిదో తరగతిలో అందరిచేతా ఉపకారవేతనం కోసం పెట్టే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాయిస్తే ఇద్దరు ఎంపికయ్యారు. ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల ఉపకారవేతనం కూలి ఇళ్లకు చిన్న సంగతి కాదు.

లోపమూ చెప్పాలి. సబ్జెక్టుకు ఒక్కరే ఉన్న చోట ఆ ఒక్కరూ బదిలీ అయితే పాఠం అక్కడే ఆగుతుంది. తొమ్మిదో తరగతిలో సైన్సు పోస్టు అయిదు నెలలు ఖాళీగా ఉండి, పని సర్దుబాటు మీద పక్క ఊరి టీచరు వారానికి రెండు రోజులే వచ్చారు. మా అమ్మాయి నోటుపుస్తకంలో మూడు పాఠాల పేజీలు నేటికీ తెల్లగానే ఉన్నాయి. విద్యార్థుల సంఖ్యను బట్టే పోస్టులు ఇస్తారు కనుక, పిల్లలు తగ్గే కొద్దీ టీచర్లూ తగ్గడం, దాన్ని చూసి మరికొందరు పిల్లలను తీసుకుపోవడం జరుగుతోంది. ఇక ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చే నాటికే మా కాజ్‌వే మునిగిపోతుంది. వరద రోజుల్లో పోయిన పాఠాలను శనివారం సాయంత్రాలు కూర్చోబెట్టి చెబుతారు.

చేర్చే ముందు మార్కుల పట్టిక కంటే ముందుగా, అన్ని సబ్జెక్టులకూ టీచర్లు ఉన్నారో లేదో అడగండి. ఇప్పుడు మా బడిలో ఉన్నారు. మా చిన్నవాడి పేరు ఈ జూన్‌లో అక్కడే రాయించాం.