కాటా ప్రోగ్రామ్‌కి బిల్డ్ టూల్స్: అయిదేళ్ల వాడకం తర్వాత

పర్లాకిమిడి, కాశీనగర్ వైపు రైస్ మిల్లుల్లో లారీ కాటాలకు నేను రాసిచ్చిన ప్రోగ్రామ్ నడుస్తోంది. తెర మీద కనిపించేదంతా పైథాన్. ఇండికేటర్ (బరువు అంకెల్లో చూపే పెట్టె) నుంచి కేబుల్‌లో వచ్చే బరువు చదివే ముక్క మాత్రం సీలో ఉంటుంది. ఆ ముక్క కంపైల్ చేయడానికి, అంటే కంప్యూటర్ నడపగలిగే ఫైలుగా మార్చడానికి, అయిదేళ్లుగా మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ సీ++ బిల్డ్ టూల్స్ వాడుతున్నాను. అంతకుముందు మిన్‌జీడబ్ల్యూ అనే ఇంకో కంపైలర్ ఉండేది. చిన్న డౌన్‌లోడ్, పైసా ఖర్చు లేదు, ఇంకేం కావాలి అనుకున్నాను.

అప్పుడు పైథాన్ 2.7. కోతల సీజన్‌లో ఒక మిల్లు గుమస్తా ఫోన్ చేశాడు: "ఏటి బాబూ, తెర ఎలిపోనాది! లారీ కాటా మీదే ఉంది." ఇంట్లో చూస్తే అంతా బాగానే ఉంది. రెండు రాత్రుల టెన్షన్ తర్వాత ఒక ఫైలు ఏయే డీఎల్ఎల్‌లు (పక్క లైబ్రరీ ఫైళ్లు) అడుగుతోందో చూపే ఆబ్జ్‌డంప్‌తో నా పీవైడీ ఫైలు, అంటే ఆ సీ ముక్క కంపైలైన ఫైలు, చూశాను. అందులో ఎంఎస్‌వీసీఆర్‌టీ డీఎల్ఎల్ ఉంది. పైథాన్ 2.7దేమో ఎంఎస్‌వీసీఆర్90. ఒకే ప్రోగ్రామ్‌లో రెండు సీ రన్‌టైమ్‌లు (సీ కోడ్‌కి మెమరీ, ఫైళ్ల పని చేసిపెట్టే లైబ్రరీలు)! దేని మెమరీ దానిది, దేని ఫైళ్ల పట్టిక దానిది. ఇండికేటర్ చెత్త లైను పంపినప్పుడు, పైథాన్ తెరిచిన లాగ్ ఫైలు పాయింటర్ తీసుకుని నా సీ కోడ్ అందులో రాయబోతోంది. ఒక కొట్లో రాయించిన అప్పు ఇంకో కొట్లో తీర్చబోయినట్టు. ఇంట్లో ఇండికేటరే లేదు కాబట్టి ఆ లైను ఎప్పుడూ నడవలేదు.

ఇందులో మిన్‌జీడబ్ల్యూ తప్పేం లేదు. అప్పట్లో పైథాన్‌తోనే వచ్చే డిస్ట్‌యుటిల్స్ అనే బిల్డ్ సాధనంతో కట్టి ఉంటే అదే ఎంఎస్‌వీసీఆర్90ని లింక్ చేసేది. తెలివి ఎక్కువై నేనే సొంత బ్యాచ్ ఫైలు రాసుకున్నాను.

పైథాన్ 3.8కి మారినప్పుడు బిల్డ్ టూల్స్ పెట్టాను. జీబీలకు జీబీలు, మా నెట్ మీద ఒక రాత్రంతా పట్టింది. కానీ ఈ గొడవ మళ్లీ రాలేదు. పైథాన్ 3.5 నుంచి యూనివర్సల్ సీఆర్‌టీ అనే ఉమ్మడి సీ రన్‌టైమ్ వచ్చింది. విజువల్ స్టూడియో 2015 తర్వాతి కంపైలర్లన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. పైథాన్ వెర్షన్ మారితే మాత్రం మాడ్యూల్ మళ్లీ కట్టాల్సిందే.

ఒక చిరాకు మిగిలింది. విండోస్ 7 వదలని మిల్లుల్లో, ప్రోగ్రామ్ తెరవగానే ఆ ఉమ్మడి రన్‌టైమ్‌దే అయిన ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ ఫైలేదో లేదని బాక్సు వచ్చేది. దాన్ని ఎక్కించే విండోస్ అప్‌డేట్ కేబీ2999226 పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తిరిగాను. విండోస్ 10లో ఆ పని లేదు.

కొత్త బిల్డ్ పంపే ముందు ఇప్పటికీ ఆబ్జ్‌డంప్‌లాగే డీఎల్ఎల్‌లు చూపే డంప్‌బిన్ ఒకసారి కొడతాను. పది సెకన్లు పట్టదు.