పొలంలో షెడ్డుకు వైఫై పెట్టించుకుంటున్నారా? టేకు ఆకు రాలిన నెలలో చూసి డబ్బు కట్టకండి

పశువుల షెడ్డుకో, కోళ్ల షెడ్డుకో, మోటారు గదికో ఇంటి నుంచి వైఫై అందించుకోవాలని చూస్తున్నవాళ్లు డబ్బు చేతిలో పెట్టే ముందు ఇది చదవండి. నేను 14,500 రూపాయలు పోగొట్టుకున్నాను. దాంతోపాటు ఒక దూడనూ పోగొట్టుకున్నాను. డబ్బు ఎలాగో సర్దుకుంటాను. దూడ సంగతి మాత్రం ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

మాది నూజివీడు దగ్గర మామిడి తోట. ఇల్లు రోడ్డు వైపు ఉంటుంది, పశువుల షెడ్డు తోట వెనక ఉంటుంది. తాడు పెట్టి కొలిస్తే మధ్య దూరం 180 మీటర్లు. ఆరు ముర్రా గేదెలున్నాయి. ఈనే రోజులు దగ్గరపడితే రాత్రంతా ఎవరో ఒకరం అక్కడే పడుకోవాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా చీకట్లో గట్టు మీద పాముల భయం. కెమెరా ఒకటి పెట్టుకుంటే ఇంట్లోనే ఉండి ఫోనులో చూసుకోవచ్చనుకున్నాను.

పట్నంలో కెమెరాలు అమ్మి బిగించే ఒక దుకాణంవాళ్లు మార్చి నెలాఖరులో వచ్చారు. నాలుగు యాంటెన్నాల రిపీటర్ తెచ్చారు, అంటే వైఫైని దూరానికి అందించే పెట్టె. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 500 మీటర్లు అని ఉంది. దాన్ని మేడ మీద పిట్టగోడకు బిగించి, కింద రౌటర్ నుంచి కేబుల్ లాగారు. వచ్చినతను షెడ్డు ముందు నిలబడి తన ఫోను చూపించాడు. సిగ్నల్ నిండుగా ఉంది. వీడియో ఆగకుండా ఆడింది. నాకూ సంతోషంగా అనిపించి ఆ ఫోను తెరను ఫోటో తీసుకుని, మొత్తం డబ్బు అప్పుడే ఇచ్చేశాను. అతను ఇచ్చిన కాగితం మీద పైన ‘అంచనా’ అని మాత్రమే ఉందని, జీఎస్టీ నంబరు గానీ పరికరం సీరియల్ నంబరు గానీ లేవని అప్పుడు గమనించలేదు.

ఇంటికీ షెడ్డుకూ నడుమ పక్క రైతు గట్టు మీద టేకు వరస ఉంది. మార్చిలో టేకు మోడుగా నిలబడి ఉంటుంది. కొమ్మల సందుల్లోంచి మేడ మీది యాంటెన్నా షెడ్డుకు కనిపించేది. జూన్‌లో తొలకరి పడగానే చిగురు వేసింది. జూలై వచ్చేసరికి ఒక్కో ఆకు విస్తరాకంత అయింది. ఆకంటే నీరే కదా. వైఫై తరంగాలను నీరు పీల్చుకుంటుంది. వాన కురిసి ఆకులన్నీ తడిసిన రాత్రి ఆ టేకు వరస తరంగాలకు గోడలా అడ్డం నిలిచింది. కొన్నవాడిని నాకు ఇవన్నీ తెలియాలని లేదు. ఇదే వృత్తిగా ఊరూరా తిరిగి బిగించేవాడు ఆ చెట్లను చూసి కూడా ఒక్క మాట చెప్పలేదన్నదే నా కోపం.

జూలై చివరి వారంలో రెండో ఈత గేదె నెలలు నిండి ఉంది. రాత్రి ఒంటి గంటకు మెలకువ వచ్చి ఫోను తీసి చూశాను. గేదె పడుకుని ఉంది. తల నిలకడగా ఉంది, దవడ ఒక పక్కకు వాలి ఉంది, నెమరు వేస్తోందనుకున్నాను. నిశ్చింతగా పడుకున్నాను. తెల్లవారుజామున పాలు తీయడానికి వెళ్లిన అమ్మ కేక విని పరుగెత్తాను. దూడ ముందుకాలు లోపల మడతపడి అడ్డం తిరిగింది. పశువుల డాక్టరు వచ్చి గేదెను కాపాడారు గానీ దూడ దక్కలేదు. ‘రెండు మూడు గంటల ముందు పిలిచి ఉంటే’ అని ఆయన సగంలో ఆపేశారు. తర్వాత ఫోను మళ్లీ తీశాను. గేదె అలాగే పడుకుని ఉంది. బొమ్మకు మూలన ఉన్న టైము 11:42. ఆ నిమిషాన కనెక్షన్ తెగిపోయి, చివరి బొమ్మ తెర మీద అలా నిలిచిపోయింది. ఒంటి గంటకు నేను చూసింది కూడా ఆ బొమ్మనే.

దుకాణానికి ఫోను చేస్తే ముందు మీ ఇంటర్నెట్ ప్లాను పెంచుకోండన్నారు. పెంచాను, మారలేదు. తర్వాత మొబైల్ సిగ్నల్ బూస్టర్ పెడతాం, ఇంకో 8,000 అవుతుందన్నారు. దయచేసి దీని జోలికి మాత్రం వెళ్లకండి. అనుమతి లేనివాళ్లు మొబైల్ బూస్టర్ అమ్మడం, పెట్టుకోవడం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022లోనే స్పష్టంగా హెచ్చరించింది. పైగా అది పెంచేది మొబైల్ సిగ్నల్‌ను. దానికీ మన ఇంటి వైఫైకీ సంబంధమే లేదు. పరికరం వాపసు తీసుకోమంటే మాత్రం బిల్లు ఉందా అని అడిగారు.

మా ఊళ్లో కేబుల్ ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రవాడు వచ్చి అసలు విషయం విప్పి చెప్పాడు. ఫోనులో సిగ్నల్ కొలిచే ఆప్ పెట్టి కెమెరా పక్కన నిలబడితే మైనస్ 83 డీబీఎం చూపించింది. డీబీఎం అంటే సిగ్నల్ బలానికి కొలత. మార్చిలో నేను తీసుకున్న ఫోటోలో మైనస్ 65 ఉంది. ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. 3 తగ్గితే శక్తి సగమైనట్టు. ఆ లెక్కన మార్చికీ జూలైకీ మధ్య సిగ్నల్ అరవై రెట్లకు పైగా పడిపోయింది. మైనస్ 80 దాటితే కెమెరా మీద నమ్మకం పెట్టుకోకూడదన్నాడు.

పెట్టె మీద ఉన్న 500 మీటర్ల మాటకు అతను చెప్పిన పోలిక నాకు బాగా నచ్చింది. మేడ మీద యాంటెన్నా మైకులో పిలిచినట్టు పిలుస్తుంది. కెమెరా మామూలు గొంతుతో పలకాలి. మామూలుగా దాని శక్తి ఒక వాట్‌లో పదో వంతు దాటదు. మైకు ఎంత పెంచినా అవతలివాడి గొంతు పెరగదు. కాబట్టి ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపించినంత మాత్రాన ఆ చివర ఉన్న కెమెరా మాట ఇంటికి చేరుతుందని కాదు.

ఇంకో మోసం కూడా అతనే పట్టుకున్నాడు. మేడ మీదికి లాగిన కేబుల్‌ను ‘ప్యూర్ కాపర్’ అని చెప్పి మీటరు చొప్పున లెక్క కట్టారు. అతను చివర కొంచెం కోసి, ఒక తీగను బ్లేడుతో గీశాడు. పైన ఎర్రటి పూత లేచిపోయి లోపల తెల్లటి లోహం మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత! రెండుసార్లు వంచితే పుటుక్కున విరిగింది. రిపీటర్‌కు కరెంటు కూడా ఆ కేబుల్‌లోంచే వెళ్తుంది. నాసిరకం తీగలో వోల్టేజి పడిపోయి అది అప్పుడప్పుడు ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం. కేబుల్ కొనేటప్పుడు దుకాణంలోనే బ్లేడు అడిగి గీయించి చూడండి. గీయనివ్వని చోట కొనవద్దు.

ఇక మీరు ఏం చేయాలంటే, ముందు దూరం సంగతి పక్కన పెట్టి మధ్యలో అడ్డం ఏముందో చూడండి. మేడ మీద నుంచి షెడ్డు మీద పరికరం బిగించే గొట్టం చివర ఏడాది పొడవునా నిక్కచ్చిగా కనిపిస్తుందంటే, ఎదురెదురుగా పెట్టే జత పరికరాలు తీసుకోండి. వీటిని పాయింట్ టు పాయింట్ బ్రిడ్జి అంటారు. 5 గిగాహెర్ట్జ్ రకం దీనికి బాగా పనిచేస్తుంది. చూపు తగిలితే చాలదు, చూపు చుట్టూ కూడా ఖాళీ ఉండాలి. మా 180 మీటర్లకు సగం దూరంలో ఆ గీతకు చుట్టూ మీటరున్నర మేర కొమ్మ, ఆకు ఉండకూడదని లెక్క. మామిడి, సపోటా ఆకు రాల్చవు కాబట్టి ఉన్నది ఎప్పుడైనా కనిపిస్తుంది. టేకు, వేప లాంటివి ఉంటే మాత్రం ఆకు దట్టంగా ఉన్న నెలలో, వాన వెలిసిన వెంటనే పనిచేయించి చూపించమనండి.

షెడ్డు 100 మీటర్లు దాటితే రాగి కేబుల్ మరిచిపోండి, నెట్‌వర్క్ కేబుల్ హద్దు అంతే. 100 మీటర్ల లోపే ఉన్నా రెండు కట్టడాల మధ్య బయట రాగి తీగ లాగితే పిడుగుల కాలంలో రెండు వైపులా పరికరాలు మాడిపోయే ప్రమాదం ఉంది.

మేము చివరికి ఆప్టికల్ ఫైబర్ వేయించుకున్నాం. నల్లటి హెచ్‌డీపీఈ పైపులో పెట్టి గట్టు వెంబడి పాతించాం. అతుకులు ఆ కేబుల్ కుర్రవాడే తన యంత్రంతో వేశాడు. అందులో వెళ్లేది వెలుతురు కాబట్టి ఆకుతోనూ వానతోనూ పని లేదు. ఫైబర్‌లోంచి కరెంటు పారదు కాబట్టి పిడుగు దాని వెంట ఇంట్లోకి రాదు. కేబుల్ పక్కన ఉక్కు తీగ ఉండే రకం కూడా ఉంటుంది, పాతడానికి అది లేని రకం అడిగి తీసుకోండి. నాగలి తగిలే చోట లోతుగా తవ్వించండి. కూలీలతో కలిపి నాకైన మొత్తం ఆ దుకాణంవాళ్లకు కట్టిన 14,500 కన్నా తక్కువే. షెడ్డులో పరికరాలకు కరెంటు మోటారు లైను నుంచి ఇవ్వవద్దు. మా మోటారు లైనుకు పగలు 9 గంటలే కరెంటు ఉంటుంది, గేదెలేమో రాత్రిళ్లు కూడా ఈనుతాయి.

డబ్బు మాత్రం సగం ముందు, మిగతా సగం రెండు వారాలు పనిచేశాక ఇవ్వండి. బిల్లు మీద జీఎస్టీ నంబరు, పరికరం సీరియల్ నంబరు, ‘షెడ్డులో కెమెరా దగ్గర పనిచేయాలి’ అన్న మాట రాయించండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు కాబట్టి అక్కడా వేస్తున్నాను. ఆ అంచనా కాగితం, ఫోనుతో చెల్లించిన రసీదు, మార్చిలో తీసిన ఫోటో, గీసిన కేబుల్ ముక్క అన్నీ ఒక కవరులో పెట్టి ఉంచాను.

మరో గేదె కార్తీకంలో ఈనాలి. ఇప్పుడు ఫోను తెరవగానే గేదెను చూడక ముందే మూలన ఉన్న టైము చూస్తున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి కెమెరా ఉంటే, ఈ రాత్రి ఒక్కసారి ఆ టైమునూ గోడ గడియారాన్నీ పోల్చి చూడండి.