7.1 వోల్టులు: ఒక పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌తో ఆరేళ్ళు

ట్యూబు ఆంప్లిఫయర్‌కు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంచుకునేటప్పుడు అందరి చూపూ హై టెన్షన్ వైండింగ్ (ట్యూబులకు అధిక వోల్టేజి ఇచ్చే తీగచుట్ట) మీదే ఉంటుంది. 275-0-275 (మధ్య తీగకు రెండు వైపులా 275 వోల్టులు) తీసుకోవాలా, 325-0-325 తీసుకోవాలా అని నేనూ వారాల తరబడి తల బద్దలు కొట్టుకుని చివరికి 275 దగ్గర ఆగాను. హీటర్ వైండింగ్ (ట్యూబులో ఎలక్ట్రాన్లు విడిచే భాగమైన క్యాథోడ్‌ను కాచేందుకు కరెంటు ఇచ్చేది) వంతు వచ్చేసరికి "6.3 వోల్టులు, 4 ఆంపియర్లు" అని చదివి, కావలసినదానికి రెట్టింపు ఉంది కదా అని సంతోషించి ముందుకు సాగిపోయాను. ఈ ఆరేళ్ళలో నేను పడిన ఇబ్బంది అంతా ఆ ఒక్క లైనులోనే ఉంది.

నా గిటార్ ఆంప్లిఫయర్‌లో రెండు 6వి6 పవర్ ట్యూబులు పుష్-పుల్‌లో (సిగ్నల్‌ను చెరో సగం పంచుకుంటూ), క్యాథోడ్ బయాస్‌తో (క్యాథోడ్ దారిలోని రెసిస్టరే కరెంటును అదుపు చేసేలా) పనిచేస్తాయి. వాటి ముందు చిన్న సిగ్నల్‌ను పెంచే ట్యూబులు, మూడు 12ఏఎక్స్7లు; ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌గా ఒక 5ఏఆర్4. ట్రాన్స్‌ఫార్మర్ పనితనంతో నాకు పేచీ లేదు. రేకులు గట్టిగా బిగిసి ఉన్నాయి, ఒక్క రోజు కూడా జుమ్మని మోగలేదు. రెండు గంటలు వాయించాక కూడా పైమూత మీద అరచెయ్యి ఆనించి ఉంచగలను. దాన్ని ఛాసీ (లోహపు చట్రం) మీద ఎక్కడ బిగించాలో రంధ్రాలు వేయకముందే చెవితో వెతుక్కున్నాను. మిగతా తీగల కొసలన్నిటికీ టేపు చుట్టి, ప్రైమరీకి (గోడ కరెంటు అందుకునే వైండింగ్‌కు) మాత్రం కరెంటు ఇచ్చి, స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి, ఆ రెండోదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ హమ్ (కరెంటు జుమ్మనే శబ్దం) దాదాపు మాయమైన చోట గుర్తు పెట్టాను. ఆ పావుగంట శ్రమకు ఈనాటికీ ఫలితం దక్కుతోంది.

పద్నాలుగు నెలలు ఏ చింతా లేదు. ఒక రాత్రి సాధన మధ్యలో స్వరం బొంగురుపోయి క్రమంగా నీరసించింది. వెనక్కి తిరిగి చూస్తే ఒక 6వి6 ప్లేటు (ఎలక్ట్రాన్లు చేరే లోహపు రేకు) మీద ముదురు ఎరుపు. మొదట చిన్న మచ్చ, చూస్తుండగానే అతుకు వెంబడి గీతలా పాకింది. వెంటనే స్విచ్ ఆపేశాను. ట్యూబుకు ఆయువు తీరిందనుకుని వేరొకటి వేశాను. ఐదు నెలలకు పక్క సాకెట్‌లోనిది కూడా అదే దారి పట్టింది.

ఇలాంటప్పుడు మొదటి అనుమానం కప్లింగ్ కెపాసిటర్ (ముందు ట్యూబు నుంచి సిగ్నల్‌ను పంపి డీసీని ఆపేది) మీదికి పోతుంది. అది లీకయితే ముందు ట్యూబు ప్లేటు మీది డీసీ వచ్చి గ్రిడ్ (ట్యూబులో కరెంటును అదుపు చేసే తీగ) మీద పడుతుంది, 6వి6 అదుపు తప్పుతుంది. ఫిల్టర్ కెపాసిటర్లలోని ఛార్జి పూర్తిగా దిగిందని మీటరుతో నిర్ధారించుకుని, ఆ కప్లింగ్ కెపాసిటర్ ఒక కాలు ఊడదీశాను. మళ్ళీ ఆన్ చేసి గ్రిడ్ దగ్గర మీటరు పెట్టాను. సున్నా. మూడు నిమిషాలైనా సున్నాయే. ఎనిమిదో నిమిషంలో 0.4 వోల్టు, పన్నెండో నిమిషంలో 1.5, పదిహేనుకల్లా 3 దాటింది. కెపాసిటర్ అసలు తగిలి లేదు, అయినా వోల్టేజి ఎక్కుతోంది. రెండు ట్యూబులకూ సాకెట్లు మార్చి చూస్తే జబ్బు ట్యూబు వెంటే వెళ్ళింది. అంటే గ్రిడ్డే ఎలక్ట్రాన్లు విడుస్తోంది. క్యాథోడ్ మితిమీరి కాగితే దాని పూతలోని బేరియం ఆవిరై పక్కనే ఉన్న గ్రిడ్‌కు అంటుకుంటుంది. ఆపైన గ్రిడ్ వేడెక్కినప్పుడల్లా అదీ చిన్న క్యాథోడ్‌లా ప్రవర్తిస్తుంది.

మరి క్యాథోడ్ అంతగా ఎందుకు కాగింది? ఆ రాత్రి పదిన్నరకు 6వి6 సాకెట్‌లో 2, 7 కాళ్ళ (హీటర్ కొసల) మధ్య మీటరు పెట్టాను. 7.1 వోల్టులు! పది శాతం సడలింపు ఇచ్చుకున్నా 6.9 దాటకూడదు. నోటుపుస్తకం తీసి చూశాను. ఆంప్లిఫయర్ పూర్తయిన రోజు మధ్యాహ్నం కొలిచి "6.65, ఫరవాలేదు" అని రాసుకున్నాను. నేను వాయించేదంతా రాత్రిపూట, కొలిచింది పగలు.

ఆ రాత్రి గోడ ప్లగ్గులో 245 వోల్టులు ఉన్నాయి. ప్రైమరీలో 230 ట్యాపుకు (230 వోల్టుల సరఫరాకు ఉద్దేశించిన తీగకు) కలిపాను కనుక ఆరున్నర శాతం అక్కడే ఎక్కింది. కానీ 7.1 అంటే దాదాపు పదమూడు శాతం ఎక్కువ. మిగతా సగం ఎక్కడిది? జవాబు పక్క వైండింగ్‌లో దొరికింది. రెక్టిఫయర్ వైండింగ్ 5 వోల్టులు, 2 ఆంపియర్లు. 5ఏఆర్4 తీసుకునేది 1.9. అంటే దాదాపు నిండు లోడు. అక్కడ మీటరు 5.3 చూపించింది, దాదాపు ఆ ఆరున్నర శాతమే. హీటర్ వైండింగ్ మాత్రం 4 ఆంపియర్లకు చుట్టినది. నా 6వి6లు ఒక్కొక్కటి 0.45, 12ఏఎక్స్7లు ఒక్కొక్కటి 0.3, అన్నీ కలిపి 1.8 ఆంపియర్లు. నిండు లోడులో తీగలోనే కొంత వోల్టేజి పోతుంది కనుక తయారుచేసేవారు దానికి సరిపడా చుట్లు ముందే కలుపుతారు. సగం కరెంటు కూడా లాగని చోట ఆ మిగులులో సగానికి పైగా హీటర్ల మీదికి వస్తుంది. ఏ ధారాళాన్ని చూసి మురిసిపోయానో అదే నా ట్యూబులను కాల్చింది. లేబుల్ మీద 6.3 అని వేసినప్పుడు, లోడు లేనప్పుడు ఎంత ఉంటుందో కూడా వేయాలి. ఒక్క లైను చాలు. అది వేయనందుకు నాకు ఇప్పటికీ కోపమే.

అయితే ఇదే ట్రాన్స్‌ఫార్మర్ నన్ను ఆదుకుంది కూడా. ప్రైమరీ నుంచి వచ్చే తీగల్లో నేను వాడకుండా స్లీవు తొడిగి ఛాసీ మూలకు తోసేసిన తీగ ఒకటి ఉంది, 240 ట్యాపు. దానికి మార్చగానే హీటర్లు 6.8కి దిగాయి, హై టెన్షన్ డీసీ 372 నుంచి 356కు వచ్చింది. ఆ తర్వాత హీటర్ తీగలు రెండింటిలోనూ 0.1 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్లు ఒక్కొక్కటి వేశాను. ఒకే తీగలో 0.2 ఓమ్ పెట్టినా వోల్టేజి అంతే తగ్గేది, కానీ రెండు వైపులా సమానంగా ఉంటేనే హమ్ అణిగి ఉంటుంది. ఇప్పుడు రాత్రి 6.4, పగలు 6.0. నేను ఎదురుచూడని లాభం ఒకటుంది. మునుపు వాల్యూం ఆరు దగ్గర వచ్చే డిస్టార్షన్ ఇప్పుడు ఐదు దగ్గరే, మెత్తగా మొదలవుతోంది. తీగను గట్టిగా మీటినప్పుడు స్వరం ఒక క్షణం ఒదిగి మళ్ళీ లేస్తుంది. దాని కోసమే నేను ట్యూబులతో ఇంత శ్రమ పడుతున్నాను. అప్పుడు వేసిన 6వి6 జత నాలుగేళ్ళుగా పనిచేస్తోంది, గ్రిడ్ దగ్గర మీటరు అరగంట తర్వాత కూడా సున్నా దగ్గరే నిలుస్తుంది.

పైమూత మీద అరచెయ్యి ఆనించగలను అని పైన రాశాను. హీటర్ వైపు సగం లోడు కూడా మోయని ట్రాన్స్‌ఫార్మర్ అది, నిండు లోడులోనూ అంత చల్లగా ఉంటుందని నేను చెప్పలేను. అలాగే, చెడిపోయిన రెండు ట్యూబులూ అంతకుముందు ఎవరో వాడినవే. 372 వోల్టులు కూడా వాటికి భారమే. తప్పంతా హీటర్ వోల్టేజిదే అని ప్రమాణం చేయలేను, కానీ దాన్ని సరిచేశాక మళ్ళీ ఆ జబ్బు రాలేదు.

ఇప్పుడైతే 6వి6 జతకు హీటర్ వైండింగ్ 2.5 ఆంపియర్లది, ప్రైమరీలో 240 ట్యాపు ఉన్నది తీసుకుంటాను. గోడ ప్లగ్గులో రాత్రీ పగలూ 230 నిలకడగా ఉండే ఇంట్లో ఈ బాధ అసలు తెలియకపోవచ్చు. రెండు ఈఎల్34లతో (ఇంకా పెద్ద పవర్ ట్యూబులు) కట్టేవారి లెక్క వేరు: అవి ఒక్కొక్కటి 1.5 ఆంపియర్లు, మూడు 12ఏఎక్స్7లతో కలిపి 3.9. ఈ వైండింగ్‌కు సరిగ్గా తగిన లోడు అది. తర్వాత నేను కట్టబోయేది అదే. దానికి ఇదే ట్రాన్స్‌ఫార్మర్ ఇంకొకటి తీసుకోవాలని ఉంది, హై టెన్షన్ వైపు కరెంటు చాలుతుందో లేదో లెక్క చూసుకున్నాక.