ఒపేరా గాయకులకు నెల జీతమా, షోకి ఇంతా?

జర్మనీలో ఒపేరా పాడి బతకాలనుకునేవాళ్ల ముందు రెండు దారులుంటాయి. ఏదో ఒక థియేటర్‌లో జీతానికి చేరడం ఒకటి. షోకి ఇంత అని మాట్లాడుకుని ఊరూరా తిరగడం రెండోది.

జీతమైతే నెల తిరిగేసరికి డబ్బు, ఆరోగ్య బీమా, పెన్షన్. గొంతు పట్టేసి నాలుగు రోజులు పాడలేకపోయినా జీతం ఆగదు. బదులుగా ఏ పాత్ర ఇస్తే అది పాడాలి: పొద్దున మోజార్ట్ ఒపేరా రిహార్సల్, రాత్రి ఆపరెట్టా (తేలికపాటి సరదా ఒపేరా) షో. లేత గొంతుకు బరువైన పాత్ర అంటగడితే మాత్రం ప్రమాదమే. ఒప్పందమూ సాధారణంగా ఏడాదికే. పొడిగించే ఉద్దేశం లేకపోతే థియేటర్ అక్టోబర్ 31లోగా చెప్పేస్తుంది.

షోకి ఇంత అని పాడేవాళ్లకు ఏ పాత్ర ఒప్పుకోవాలన్నది తమ ఇష్టం. కానీ షో రోజు జలుబు చేస్తే ఆ రాత్రి పారితోషికం గోవిందా. వారాల తరబడి రిహార్సల్స్‌కు విడిగా డబ్బు రాకపోవచ్చు, ఏజెంటు కమిషన్ సరేసరి. ఒక్కోసారి ఎవరికో ఒంట్లో బాగాలేదని పొద్దున ఫోనొస్తుంది, సాయంత్రానికి ఇంకో ఊళ్లో వాళ్ల బదులు స్టేజి పక్కన నోట్స్ పెట్టిన స్టాండు ముందు నిలబడి పాడాలి. స్టేజి మీద ఆ పాత్ర నటించేది అసిస్టెంట్ డైరెక్టర్!

కొత్తవాళ్లకైతే నా ఓటు జీతానికే. పేరుమోసిన జర్మన్ ఒపేరా గాయకుడు యోనాస్ కౌఫ్‌మన్ కూడా 1994లో జార్‌బ్రూకెన్ థియేటర్‌లో అలాగే మొదలుపెట్టాడు. నాలుగు పెద్ద పాత్రలు గొంతులో కుదురుకున్నాక బయటికి రావడానికి ఎవరూ అడ్డుపడరు.