కుక్కల వార్డులో మనుషుల వెంటిలేటర్: మూడేళ్ల వాడకం తర్వాత

మనుషుల ఐసీయూ కోసం చేసిన టర్బైన్ వెంటిలేటర్ ఇది. గాలిని తనే లాక్కుంటుంది కాబట్టి ఎయిర్ లైను అక్కర్లేదు, ఆక్సిజన్ సిలిండర్ ఉంటే చాలు. పైపులైన్లు లేని పశువుల క్లినిక్‌కి ఇదే అసలు సుఖం. పది కేజీలు దాటిన కుక్కల విషయంలో దీనికి వంక పెట్టడానికి లేదు. పిల్లి దగ్గరకొచ్చేసరికి మాత్రం తెరమీద అంకె ఒకటి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది ఇంకొకటి.

లెక్క చూడండి. నాలుగు కేజీల పిల్లికి కేజీకి 8 మి.లీ. చొప్పున ఒక్కో ఊపిరికి 32 మి.లీ. గాలి ఇవ్వాలి. మెషీన్‌తో వచ్చే 22 మి.మీ. పెద్దల సర్క్యూట్ (గొట్టాల సెట్టు) ఒత్తిడికి సాగుతుంది, లోపలి గాలి నొక్కుకుపోతుంది. ఒక్కో సెం.మీ. నీటి పీడనానికి దాదాపు 2 మి.లీ. గొట్టాల్లోనే ఉండిపోతుంది. 12 సెం.మీ. ఒత్తిడి పెట్టామంటే 24 మి.లీ. అక్కడే ఆగింది, పిల్లికి దక్కింది 8. దానికి తోడు వై-పీస్‌కీ (రెండు గొట్టాలు కలిసే చోటు) శ్వాసనాళంలో పెట్టిన ట్యూబ్‌కీ మధ్య పెద్దల హెచ్ఎంఈ ఫిల్టర్ (ఊపిరిలోని వేడి, తేమ పట్టి ఉంచేది) తగిలిస్తే ఇంకో 50 మి.లీ. దాకా డెడ్ స్పేస్. వదిలిన గాలినే పిల్లి మళ్లీ పీలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ ఎక్కుతుంది. ఊపిరి రేటు ఎంత పెంచినా దిగదు.

10 మి.మీ. నియోనేటల్ (పసికందుల) సర్క్యూట్, చిన్నపిల్లల ఫిల్టర్ విడిగా కొన్నాక ఈ గొడవ తగ్గింది. సర్క్యూట్ మార్చిన ప్రతిసారీ లీక్, కంప్లయన్స్ (గొట్టం ఎంత సాగుతుందో చూసే) టెస్ట్ చేయాల్సిందే. అది దాటేస్తే మెషీన్ పాత గొట్టం లెక్కే పట్టుకుని కూర్చుంటుంది. పిల్లికి ప్రెషర్ కంట్రోల్ (వాల్యూమ్ బదులు ఒత్తిడిని నిర్ణయించే పద్ధతి) పెట్టి, పీప్ (ఊపిరి వదిలాక కూడా లోపల మిగిల్చే ఒత్తిడి) పైన 8–10 సెం.మీ. నుంచి మొదలుపెట్టి, ఛాతీ లేవడం కళ్లతో చూసుకోవడం మేలు. సైడ్‌స్ట్రీమ్ క్యాప్నోగ్రాఫ్ (ఊపిరి నుంచి కొంత గాలి లాగి కార్బన్ డయాక్సైడ్ కొలిచేది) కూడా నిమిషానికి 50 మి.లీ. మాత్రమే లాగే రకం కావాలి.

ఆన్ చేయగానే రోగి ఎత్తెంత, ఆడా మగా అని అడుగుతుంది. లాబ్రడార్‌కి ఏ ఎత్తు కొట్టాలి? ఏదో ఒకటి కొట్టి, అది చూపించే వాల్యూమ్ తీసేసి, కేజీల లెక్కన మనమే పెట్టాలి. ఊపిరితిత్తులు బాగున్న కుక్కకి కేజీకి 10 మి.లీ., రేటు నిమిషానికి 12–15, పీప్ 3–5. న్యుమోనియా లాంటివైతే 6–8 మి.లీ., పీప్ ఇంకాస్త ఎక్కువ, పీక్ ప్రెషర్ 30 దాటనివ్వకూడదు. ఆక్సిజన్ 100 శాతంతో మొదలుపెట్టినా 24 గంటల్లోపు 60 కిందికి దించాలి. లేకపోతే ఆక్సిజనే ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది.

మెషీన్ పెట్టిన డబ్బుకి న్యాయం చేసేది కట్లపాము కాటు కేసుల్లో. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, పీల్చే కండరాలే పడిపోతాయి. ఒకసారి పట్టుకున్న పక్షవాతాన్ని యాంటీవీనమ్ వెనక్కి తిప్పలేదు. నాగుపాముకి పనికొచ్చే నియోస్టిగ్మిన్ మందుని ఇక్కడ నమ్ముకోలేం. నరాల చివర్లు కోలుకునేదాకా, కొన్ని రోజులపాటు, మెషీన్ ఊపిరాడించాలి. కదలదు కదా అని మత్తు ఆపేయకండి, దానికి స్పృహ ఉంటుంది.

ఆక్సిజన్ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. 20 కేజీల కుక్కకి 200 మి.లీ., రేటు 15 అంటే నిమిషానికి 3 లీటర్లు, బయాస్ ఫ్లో (గొట్టాల్లో ఎప్పుడూ పారుతుండే గాలి) ఇంకో 3. వంద శాతం మీద 7,000 లీటర్ల జంబో సిలిండర్ 19 గంటల్లో ఖాళీ. యాభై శాతానికి దించితే సిలిండర్ నుంచి పోయేది నిమిషానికి 2.2 లీటర్లే, రెండు రోజులు దాటుతుంది.

అలారం అన్నిటికంటే ఎక్కువ మోగేది కుక్క రొప్పినప్పుడు. మత్తు పెంచే ముందు థర్మామీటర్ పెట్టాలి. హీటెడ్ హ్యూమిడిఫయర్ (గాలిని వేడిచేసి తేమ కలిపేది) ఉంటే కుక్క నాలుక చాచి వేడి వదులుకోలేదు, ఒళ్లు కాలిపోతుంది. ఆ తర్వాత చూడాల్సినవి కార్బన్ డయాక్సైడ్, నిండిన మూత్రాశయం, న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం). కుక్క లాగకపోయినా రేటు పెరుగుతుంటే గొట్టంలో నీళ్లున్నట్టు. గుండె కొట్టుకోవడం కూడా ట్రిగ్గర్ (కుక్క ఊపిరి పీల్చబోతోందని మెషీన్ పసిగట్టే అమరిక) లాగొచ్చు, ఫ్లో ట్రిగ్గర్‌ని 1 లీటరు నుంచి 2–3కి పెంచితే ఆగుతుంది.

చెడిపోయినవి రెండే. ఆక్సిజన్ సెల్ పద్నాలుగో నెలలో అయిపోయింది, అది దాని సహజ ఆయుష్షే, తప్పు పట్టలేం. ఫ్లో సెన్సర్ తడిసి రెండుసార్లు తప్పుడు వాల్యూమ్ చూపించింది. అసలు చిరాకు వారంటీతో. పశువులకి వాడారని తెలిశాక కంపెనీ మాట మారింది. కొనేముందే కాగితం మీద రాయించుకోండి.

ఇక ఏ మెషీనూ చేయని పని ఉంది. నాలుగు గంటలకోసారి పక్క మార్చడం, నోరు తుడవడం, నాలుక మీద ట్యూబ్ నొక్కుకున్న చోటు మార్చడం, కఫ్ (ట్యూబ్ చుట్టూ ఉబ్బే బుడగ) ఒత్తిడి 20–30 సెం.మీ. ఉందో లేదో చూడటం, కళ్లకి ఆయింట్‌మెంట్. రాత్రి దీనికి ఇద్దరు లేకపోతే మెషీన్ కొనడం వాయిదా వేసుకోవచ్చు. కరెంటు పోతే బ్యాటరీ మూడేళ్ల తర్వాత రెండు గంటలు వస్తోంది. అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరిచ్చే సంచి) మాత్రం బోనుకే వేలాడుతుండాలి, అల్మారాలో కాదు.