నల్గొండ నుంచి హైదరాబాద్‌కి ఒక వారం: నాటకం, కచేరీ, క్రికెట్‌లో దేనికి డబ్బు పెట్టొచ్చు

ముందే చెప్పేస్తా. ఈ వారంలో ఎక్కువ డబ్బు తగలేసింది సినిమా పాటల షోకి, తక్కువ సంతోషం దక్కిందీ దానితోనే. బాగా నచ్చింది సురభి వాళ్ల నాటకం. క్రికెట్ ఆ రెండింటికీ మధ్యలో. పైసా ఖర్చు లేకుండా చూసింది ఇంకొకటుంది, అది తర్వాత చెప్తా.

బడికి వేసవి సెలవులివ్వగానే నేను, మా ఆయన, మా పిల్లోడు, మా ఆడబిడ్డ కూతురు బయల్దేరాం. మకాం కొత్తపేటలో మా తమ్ముడింట్లో. నల్గొండోళ్లకు ఎల్బీనగర్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ అంటే సగం మన ఊరే కదా, ఏ బస్సెక్కినా అక్కడే దిగుతాం, ఏ గల్లీలోకెళ్లినా ఎవరో ఒక చుట్టం తగులుతారు. ఎక్స్‌ప్రెస్‌లో మా ఆడవాళ్లిద్దరికీ జీరో టికెట్, మగవాళ్లకే డబ్బులు. ఇలా ఆధార్ కార్డుతో మిగిలిందంతా తర్వాత ఆ పాటల షోలో పోయిందనుకోండి.

మొదట రవీంద్రభారతి. లక్డీకాపూల్ మెట్రో దిగి నడిచి వెళ్లిపోవచ్చు, కొత్తపేట నుంచి రెడ్ లైన్‌లో ఎక్కడా మారక్కర్లేదు. 1961లో కట్టిన హాలు, ఠాగూర్ శతజయంతి ఏడాది. అందుకే ఆ పేరు. ఆ రోజు సురభి వాళ్లు ఘటోత్కచుడు, శశిరేఖ కథ ఆడారు. ఈ కథ తెలియనోళ్లు తెలుగునాట ఎవరుంటారు? అయినా రెప్ప వేయకుండా చూశాం. వెనక రంగుల తెరలు ఒకదాని మీద ఒకటి జారి పడుతుంటే ద్వారక పోయి అడవి, అడవి పోయి విడిది ఇల్లు, అన్నీ రెండు మూడు క్షణాల్లో మారిపోతుంటాయి. బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి నిప్పురవ్వలు రాల్చాయి. ఇక లడ్డూల సీన్. పళ్లెంలోంచి లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తుంటాయి, మా పిల్లోడు దారం కనిపిస్తుందేమోనని కుర్చీ అంచుకు జరిగి మెడ చాచి మరీ వెతికాడు. ఒక లడ్డూ మాత్రం సగం దారిలో ఆగి ఊగిసలాడింది. ఆ వేషం వేసినాయన కంగారు పడలేదు, దాని వైపు గుడ్లురిమి చూసి, వేలితో రా రా అని పిలిచి, నోరు ఇంకా పెద్దది చేసి కూర్చున్నాడు. లడ్డూ వచ్చింది. హాలంతా ఈలలు. ఇదంతా గ్రాఫిక్స్‌లో చూస్తే ఆ ఈల పడేది కాదు.

సురభి 1885లో కడప జిల్లాలోని సురభి అనే ఊళ్లో కీచకవధతో మొదలైంది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో వీళ్లింటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. ఇప్పటికీ కుటుంబాలకు కుటుంబాలే నాటకం ఆడతాయి, లింగంపల్లి దగ్గర వాళ్ల పేరుతో కాలనీ ఉంది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చిందు భాగోతం ఆడితే తెల్లారేదాకా చూసినోళ్లం మేం, అందుకే నాటకం రెండు గంటల్లో అయిపోయిందేంటని మా ఆయన గొణిగాడు. నాకైతే అదే నయం అనిపించింది, చివరి మెట్రో టెన్షన్ లేకుండా ఇంటికొచ్చి వేడి అన్నం తిన్నాం. ఒకటే చిరాకు, ముందు వరసలో ఒకాయన ఫోన్ పైకెత్తి మొదటి నుంచి చివరి దాకా వీడియో తీస్తూనే ఉన్నాడు. ఆయన చెయ్యి సందులోంచి చూశాను సగం నాటకం.

ఇక పాటల షో. నిర్వాహకుల పేరు, టికెట్ యాప్ పేరు రాయను, అందరూ ఇట్లాగే చేస్తున్నారని విన్నాను. ఊరికి ఆ చివర ఖాళీ మైదానం. మనిషికి మూడు వేలు పెట్టినా మాకు దొరికింది వెనక గడి, మా ముందు ఇంకా రెండు గడులు, ఇనుప కంచెలు. ఏడింటికన్న షో ఎనిమిదిన్నర దాటాక మొదలైంది. నీళ్లు కొందామంటే డబ్బులు తీసుకోరు, ఫోన్‌పే పని చేయదు, ముందు ఒక కార్డు తీసుకుని అందులో వెయ్యి వేయించుకోవాలి, మిగిలింది వాపసు ఇవ్వరు. అది తెలిశాక మా ఆయన ఎవరికీ ఆకలి లేకపోయినా మొండిగా పాప్‌కార్న్ కొంటూనే ఉన్నాడు. పాట సంగతా? డప్పు దరువు గుండెల్లో గుద్దుతుంది, గొంతు మాత్రం గాలికి అటూ ఇటూ పోతుంది. తెర మీద గాయకుడి పెదాలు ఆగిపోయాక పాట ఇంకా వినిపించింది ఒకచోట, ఇక మీరే అర్థం చేసుకోండి. ఆడవాళ్ల టాయిలెట్ దగ్గర లైను చూసి మా ఆడబిడ్డ కూతురు "అత్తా, ఇంటికి పోదాం పా" అంది. బయటికొస్తే క్యాబ్ ఎవడూ ఒప్పుకోడు, ఒప్పుకున్నవాడు పదమూడు వందలన్నాడు. మీకు ఆ సంగీత దర్శకుడంటే ప్రాణమైతే తప్ప పోవద్దు. పోతే ముందు గడి టికెట్టే కొనండి, లేదంటే ఆ డబ్బుతో మంచి స్పీకర్ కొనుక్కోండి.

ఉప్పల్ స్టేడియం మా పిల్లోడి కోరిక. అభిషేక్ శర్మ 2025 ఏప్రిల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టింది ఇక్కడే. అంతకు మూడు వారాల ముందు సన్‌రైజర్స్ జట్టు మొత్తం కలిసి రాజస్థాన్ మీద 286 కొట్టిందీ ఇక్కడే. మేం చూసిన మ్యాచ్‌లో అంత ఊచకోతేం లేదు, మామూలుగా సాగింది. అయినా దాదాపు 39 వేల మంది పట్టే గ్రౌండులో కాషాయ జెండాలు ఒక్కసారిగా లేస్తే మజా వస్తుంది, ఒప్పుకుంటా. దూరం నుంచి బ్యాట్స్‌మన్ కొట్టడం ముందు కనిపిస్తుంది, టక్ అన్న చప్పుడు ఒక క్షణం ఆగి వస్తుంది, అది టీవీలో ఎప్పుడూ తెలియలేదు. ఎల్బీడబ్ల్యూ అప్పీల్ మాత్రం మనకేం అర్థం కాదు, అందరితో పాటు అరవడమే. బ్యాగు, నీళ్ల సీసా, పవర్ బ్యాంక్ లోపలికి రానివ్వరు. బయట కిరాణా కొట్టులో యాభై ఇచ్చి పెట్టి వెళ్లాం.

అసలు సంగతి తిరుగు ప్రయాణం. ఏడున్నర మ్యాచ్ అయ్యేసరికి పదకొండు దాటుతుంది. మ్యాచ్ రోజుల్లో మెట్రో వేళలు పెంచడం మామూలే గానీ ఆ రోజుకి పెంచారో లేదో ముందే చూసుకోవాలి. స్టేడియం స్టేషన్ పక్కనే ఉంది, కానీ అది నాగోల్ దాకా పోయే బ్లూ లైన్. మనం పోవాల్సిన ఎల్బీనగర్ రెడ్ లైన్. నాగోల్‌కీ ఎల్బీనగర్‌కీ మధ్య దూరం ఐదు కిలోమీటర్లు, మెట్రో మాత్రం లేదు. మెట్రోలోనే పోవాలంటే అమీర్‌పేట దాకా వెళ్లి, మారి, ఊరంతా చుట్టి రావాలి. నాగోల్‌లో దిగి ఆటో పట్టడమే తెలివైన పని. ఆటో అన్న నాలుగు వందలన్నాడు, "అన్నా, మేం నల్గొండోళ్లం, రోజూ పోయే తొవ్వనే" అంటే రెండు వందల యాభైకి వచ్చాడు.

ఇప్పుడు ఫ్రీగా చూసిన దాని సంగతి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రం కర్ణాటక సంగీత కచేరీ. నాకు రాగాలు తెలియవు, ఫ్యాన్ కింద కూర్చుందామని వెళ్లానంటే నమ్మండి. పక్క కుర్చీలో ఒక పెద్దాయన తొడ మీద తాళం వేస్తూ మా పిల్లోడు చూస్తున్నాడని గమనించి నేర్పించాడు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం, ఇంకోసారి దెబ్బ, తిప్పడం, మొత్తం ఎనిమిది, అది ఆదితాళం అట. అంతే, తనియావర్తనంలో, అంటే పాట ఆగి తాళవాద్యాలే మోగే చోట, మృదంగం ఆయన ఎక్కడెక్కడో తిరిగి వచ్చి సరిగ్గా మొదటి దెబ్బ మీద వాలినప్పుడు వీడు నాకంటే ముందు చప్పట్లు కొట్టాడు. ఆ మైదానంలో పన్నెండు వేలు పెడితే దొరకనిది ఇక్కడ దొరికింది. గ్రీన్ లైన్‌లో చిక్కడపల్లి స్టేషన్ ఉంది, ఎంజీబీఎస్‌లో మారితే చాలు.

లామకాన్‌కి కూడా పోయాం, బంజారాహిల్స్‌లో కవిత్వం, పాటలు, నాటకాలు పెట్టే చోటు అది. ఆ రోజు ఉర్దూ కవిత్వం, సగం అర్థమైంది. చాయ్, సమోసా బాగున్నాయి, చవక కూడా.

మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు లెక్క వేరు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా ఆరాంఘర్‌కి వస్తారు కాబట్టి ఉప్పల్ వాళ్లకు ఊరి అవతలి కొస. సొంత బండి ఉంటే శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కి గచ్చిబౌలి పోవడం మాత్రం తేలిక. 2024 అక్టోబర్ 18న ప్రో కబడ్డీ సీజన్ మొదలైంది గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే, తెలుగు టైటాన్స్ ఆటతో. మన పల్లెల్లో కబడ్డీ ఆడని పిల్లోడు లేడు కదా, క్రికెట్ కంటే అది దగ్గర నుంచి చూడాలని మా ఆయనకి ఒకటే పట్టు. మళ్లీ అక్కడ మ్యాచ్‌లు పెడితే పోతాం, ఈసారి కారు తీయాల్సిందేనని తమ్ముడికి ఇప్పుడే చెప్పిపెట్టా.